ముందు దారి, ఆ తర్వాతే బండి

1847లో జాస్పర్ ఓఫారెల్ అనే సర్వేయరు శాన్ ఫ్రాన్సిస్కో వీధుల పటం గీసినప్పుడు కొండల్ని పెద్దగా పట్టించుకోలేదు. కాగితం మీద గీతలన్నీ గళ్లు గళ్లుగా తిన్నగా సాగిపోయాయి. నేల మీద ఆ గీతకు ఎక్కడ కొండ అడ్డొచ్చిందో అక్కడ వీధి కూడా కొండెక్కేసింది. మన సింహాచలం ఘాట్ రోడ్డు వంపులు తిరుగుతూ మెల్లగా పైకి చేరుస్తుంది. ఇక్కడ ఆ మర్యాద లేదు. హైడ్, లెవెన్‌వర్త్ వీధుల నడుమ ఫిల్బర్ట్ స్ట్రీట్ వాలు 31.5 శాతం. వంద అడుగులు ముందుకు వెళితే ముప్ఫై ఒకటిన్నర అడుగులు పైకి లేవాలన్నమాట. పై అంచు దగ్గర కారు ఆపితే ముందున్న రోడ్డు కనపడదు, ఎదురుగా ఆకాశమే.

ఇంత ఎత్తుపల్లాల ఊరు సైకిల్‌ను వదిలేసి ఉండాల్సింది. కానీ నెలకోసారి సైకిళ్ల వాళ్లంతా గుంపుగా రోడ్డెక్కే 'క్రిటికల్ మాస్' ఊరేగింపు 1992 సెప్టెంబరులో మొదలైంది ఇక్కడే. ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి మార్కెట్ స్ట్రీట్ పక్కన నిలబడితే వచ్చే సైకిళ్లలో మోటారున్నవి చాలానే కనిపిస్తాయి. ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లే తల్లులు, లాప్‌టాప్ సంచి క్యారియర్‌కు బిగించిన ఉద్యోగులు, హోటల్ పార్శిళ్లు మోసే కుర్రాళ్లు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో యంత్రాల మరమ్మతు చూసి రిటైరైన ఒక పెద్దమనిషి వేసవిలో ఈ ఊరు వచ్చాడు, కూతుర్ని చూసి పోదామని. కూతురు ఉండేది పడమటి వైపు గోల్డెన్ గేట్ హైట్స్ అనే కొండపేటలో. ఆఫీసు ఊరికి ఆ కొసన, అఖాతం ఒడ్డున ఎంబార్కడెరో దగ్గర. మధ్య దూరం పది కిలోమీటర్లు ఉంటుందేమో. కారులో వెళితే పార్కింగుకే జీతంలో ఒక ముక్క పోతుంది. ఎన్-జూడా ట్రాము ఎక్కాలన్నా ముందు కొండ దిగాలి, సాయంత్రం మళ్లీ ఆ కొండే ఎక్కాలి. ఎలక్ట్రిక్ సైకిల్ కొందామని అమ్మాయి అప్పటికే నిర్ణయించేసుకుంది. ఫోన్‌లో చూసి పెట్టుకున్న బండ్ల జాబితా తండ్రి ముందుంచి, "నాన్నా, జీవితమంతా మోటార్లు విప్పి బిగించావు కదా, వీటిలో ఏది కొనాలో నువ్వే చెప్పు" అంది.

ఆయన జాబితా చూడలేదు. "బండి సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు నువ్వెళ్లే దారి చూపించు" అన్నాడు.

ఎలక్ట్రిక్ సైకిల్ కొనేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. మోటారు ఎన్ని వాట్లు, ఒక్కసారి చార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు, ధర ఎంత అనే మూడు ప్రశ్నలతో దుకాణానికి వెళతారు. ఆ మూడిటికీ జవాబులు పెట్టె మీదే రాసి ఉంటాయి. రోజూ వెళ్లే దారిలో అన్నిటికన్నా నిటారైన వంద మీటర్లు ఎక్కడున్నాయి, అక్కడ బండి ఆపాల్సి వస్తుందా, తిరుగు ప్రయాణంలో అదే ఎత్తు దిగేటప్పుడు కింద సిగ్నల్ ఉందా అనేవి ఏ పెట్టె మీదా ఉండవు.

తండ్రీ కూతుళ్ల పరిశోధన ఇంటి ముందే మొదలైంది. ఆ పేటకు పేరు తెచ్చినవి మొరాగా వీధి చివర రంగు రంగుల పింగాణీ ముక్కలు పొదిగిన 163 మెట్లు. చుట్టుపక్కల వాళ్లే చందాలు వేసుకుని, చేతులు కలిపి 2005లో పూర్తి చేశారు. సముద్రంలోని చేపల నుంచి ఆకాశంలోని సూర్యుడి దాకా పైకి ఎక్కేకొద్దీ బొమ్మ మారుతుంది. పర్యాటకులు మెట్ల మీద ఫొటోలు దిగుతుంటే, ఈయన పక్క వీధిలో వంగి తారు రోడ్డు మీద ఫోన్ పెట్టి అందులోని లెవెల్ చూస్తున్నాడు. 9 డిగ్రీలు చూపించింది. శాతంలో చెబితే దాదాపు 16. రోడ్డు వాలు కొలవడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు, డబ్బూ ఖర్చు కాదు.

అక్కడే, ఆ మెట్ల పక్కనే కూర్చుని లెక్క వేశాడు. మనిషి, సైకిల్, సంచి కలిపి 110 కిలోలు అనుకుందాం. 16 శాతం ఎత్తు మీద ఆ బరువును గంటకు 8 కిలోమీటర్ల వేగంతో, అంటే చురుగ్గా నడిచే మనిషి కన్నా కాస్త ఎక్కువ వేగంతో తీసుకెళ్లాలంటే చక్రం దగ్గర సుమారు 400 వాట్ల శక్తి కావాలి. రోజూ వ్యాయామం చేయని మనిషి కాళ్లు నిలకడగా ఇవ్వగలిగేది వంద వాట్లు. మిగిలిన మూడు వందలు మోటారు పెట్టాలి. అదే వేగంతో చదునైన రోడ్డు మీద వెళ్లడానికి ముప్ఫై వాట్లు కూడా అక్కర్లేదు.

మోటారు మీద 250 వాట్లని రాసి ఉంటే ఈ మూడు వందలు ఎక్కడి నుంచి వస్తాయని అమ్మాయి అడిగింది. సబబైన ప్రశ్నే. మోటారు మీద రాసే వాట్లు అది వేడెక్కకుండా ఎడతెరిపి లేకుండా ఇవ్వగలిగిన శక్తి. కాసేపటి వరకు అంతకు రెట్టింపు కూడా ఇచ్చే మోటార్లున్నాయి. మన దేశంలో దొరికే మామూలు హబ్ మోటారు మీదా 250 వాట్లనే ఉంటుంది, 85 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చే బాష్ వారి ఖరీదైన మోటారు మీదా 250 వాట్లనే ఉంటుంది. కొండ దగ్గర మాత్రం ఈ రెండింటి దారులు వేరవుతాయి.

హబ్ మోటారు చక్రం మధ్యలో కూర్చుంటుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే అదీ అంతే. చదునైన రోడ్డు మీద గంటకు పాతిక కిలోమీటర్ల దగ్గర హాయిగా పనిచేసేలా చుట్టిన మోటారును ఎత్తు మీద ఎనిమిదికి కుదిస్తే, కరెంటులో పెద్ద భాగం వేడిగా మారిపోతుంది. గేరు మార్చినా దానికి ఒరిగేదేమీ ఉండదు, ఎందుకంటే గేర్లు పెడల్‌కూ చక్రానికీ మధ్య ఉంటాయి, మోటారేమో వాటికి అవతల ఉంది. మిడ్ డ్రైవ్ మోటారు పెడల్ ఇరుసు దగ్గర ఉంటుంది. అది లాగేది చైన్‌ను. వెనక పెద్ద పళ్ల చక్రం వేసుకుంటే మనిషి కాళ్లకు ఎంత సులువవుతుందో మోటారుకూ అంతే సులువవుతుంది. చక్రం మెల్లగా తిరుగుతున్నా మోటారు తనకు నచ్చిన వేగంలోనే తిరుగుతూ ఉంటుంది.

ఈ వాదం నిన్నా మొన్నటిది కాదు. వెనక చక్రం నడిబొడ్డున మోటారు పెట్టిన సైకిల్‌కు ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్ 1895 చివరి రోజున పేటెంటు పొందాడు. రెండేళ్లకే, 1897లో, బోస్టన్‌కు చెందిన హోసియా లిబ్బీ మోటారును పెడల్ ఇరుసు దగ్గరికి తెచ్చాడు. ఆ తర్వాత బ్యాటరీల కోసం దాదాపు వందేళ్లు ఆగాల్సి వచ్చింది. మనిషి ఎంత తొక్కితే అంత సాయపడే సైకిల్‌ను పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది 1993లో జపాన్‌లో యమహా.

మరుసటి ఉదయం ఇద్దరూ కొండ దిగి, వీధి స్టాండ్లలో అద్దెకు దొరికే 'బే వీల్స్' ఎలక్ట్రిక్ సైకిళ్లు తీసుకున్నారు. కొనబోయే ముందు ఇదొక మంచి పరీక్ష. బరువైన బండ్లు, సొగసేమీ లేదు, కానీ దారిని చదవడానికి సరిపోతాయి.

మొదటి పాఠం ఇర్వింగ్ వీధిలోనే ఎదురైంది. రోడ్డు మధ్యలో ఎన్-జూడా ట్రాము పట్టాలు. పట్టా పక్క సందులో సన్నని టైరు దిగిందంటే హ్యాండిల్ తిరగదు, మనిషి మాత్రం తిరిగి పడతాడు. వేసవిలో ఈ పేటను పొగమంచు కమ్మేస్తుంది కాబట్టి వాన లేకపోయినా పట్టాలు తడిగానే ఉంటాయి, తడిసిన ఇనుము మీద ఏ టైరైనా జారుతుంది. అమ్మాయి జాబితాలో చూడముచ్చటైన సన్న టైర్ల బండి ఒకటుంది. దాని పని అక్కడితో సరి. రెండు అంగుళాల వెడల్పున్న టైరైతే సందులో ఇరుక్కునే భయం తగ్గుతుంది. అదున్నా సరే, పట్టాలను వీలైనంత అడ్డంగా, లంబకోణానికి దగ్గరగా దాటాల్సిందే. ట్రాఫిక్‌లో వెనకాల కారు హారన్ కొడుతుంటే ఈ నియమం మరిచిపోతారు.

గోల్డెన్ గేట్ పార్కు చేరగానే ప్రాణం లేచొస్తుంది. పార్కు మధ్యగా సాగే జేఎఫ్‌కే రోడ్డులో ఒక భాగాన్ని 2020 ఏప్రిల్‌లో కరోనా రోజుల్లో కార్లకు మూసేశారు. తెరవాలని కొందరు, వద్దని కొందరు పట్టుబట్టారు. చివరికి 2022 నవంబరులో ఓటర్లే తేల్చారు: కార్లు వద్దు. ఇప్పుడక్కడ స్కేటింగ్ చేసే కుర్రాళ్లు, నడక నేర్చే పసివాళ్లు, వీధిలో పెట్టిన పియానో వాయించే వాళ్లు కనిపిస్తారు. ఆ పార్కు కొసన సన్నగా సాగిన పచ్చిక ముక్క పాన్‌హ్యాండిల్. దాని పక్కన సైకిల్ బాట.

చట్టం గురించి తెలుసుకోవలసింది ఈ బాట మీదే. కాలిఫోర్నియాలో ఎలక్ట్రిక్ సైకిళ్లకు మూడు తరగతులు. 2015లో చేసిన చట్టం. మొదటి తరగతి బండికి తొక్కితేనే మోటారు సాయం, గంటకు 32 కిలోమీటర్లు దాటగానే సాయం ఆగిపోతుంది. రెండో తరగతిలో తొక్కకపోయినా థ్రాటిల్ తిప్పితే కదులుతుంది, వేగం హద్దు అంతే. మూడో తరగతి బండి తొక్కుతుంటే 45 దాకా సాయం చేస్తుంది. కాకపోతే పదహారేళ్లు నిండాలి, హెల్మెట్ తప్పనిసరి, రోడ్డుకు దూరంగా ఉండే సైకిల్ బాటల మీదికి స్థానిక అధికారులు అనుమతిస్తే తప్ప వెళ్లకూడదు. మూడిటికీ మోటారు 750 వాట్లు మించకూడదు. వేగం ఎక్కువ కాబట్టి మూడో తరగతే మేలనుకుంది అమ్మాయి. తండ్రి ఇంకో లెక్క చెప్పాడు. వేగం 32 నుంచి 45కు పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. పొద్దుటి రద్దీలో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే దారిలో ఆ పై వేగం అందుకునేది ఎక్కడ? జాబితాలోంచి ఇంకో రెండు పేర్లు పోయాయి.

పాన్‌హ్యాండిల్ దాటాక వస్తుంది ఈ ఊరి సైకిళ్ల వాళ్ల అసలు రహస్యం: విగిల్. ఒకప్పుడు కొండల మధ్య వాగు పారిన లోయ ఇది. వాగు కనపడకుండా పోయింది, ఇళ్లు లేచాయి, కానీ పల్లం పల్లంగానే ఉంది. ఫెల్ వీధి నుంచి స్కాట్, హైట్, పియర్స్, వాలర్, స్టైనర్ వీధుల మీదుగా కుడికీ ఎడమకీ మలుపులు తిరుగుతూ డుబోస్ దాకా సాగే ఒక మైలు దారి. సగటు వాలు 3 శాతం, ఎక్కడా 6 దాటదు. దానికి ఇటూ అటూ ఉన్న వీధుల్లో నేరుగా పోతే కాళ్లు పీకుతాయి. నేల మీద ఆకుపచ్చ రంగు గుర్తులు దారి చూపిస్తాయి. కొసన డుబోస్ బాట పక్క గోడ మీద మోనా కరోన్ అనే చిత్రకారిణి 1998లో వేసిన పొడవాటి బొమ్మలో ఈ దారంతా ఉంది.

ఓఫారెల్ గీతల మీద సైకిల్ తొక్కేవాళ్లు తీర్చుకున్న కక్ష ఈ విగిల్ అనిపిస్తుంది. మోటారు ఉన్నా లేకున్నా దీన్ని వదులుకోకూడదు. ఫోన్‌లోని పటం దగ్గర దారి చూపిస్తుంది, చదునైన దారి కాదు. అర కిలోమీటరు ఎక్కువైనా వాలు సగానికి తగ్గే దారి దొరికితే చిన్న మోటారు, తేలిక బండి, తక్కువ ధరతో పని జరిగిపోతుంది. ఇంటికి వెళ్లే ఆ చివరి కొండ లేకపోతే ఈ అమ్మాయికి మామూలు హబ్ మోటారు బండే చాలు. అక్కడ ఏ దొడ్డిదారీ లేదు.

డుబోస్ దగ్గర మార్కెట్ స్ట్రీట్ తగులుతుంది. 120 అడుగుల వెడల్పు, ఊరిని ఐమూలగా కోసుకుంటూ పోతుంది. ఆక్టేవియా కూడలిలో ఫ్రీవే ర్యాంపు ఉంది. కార్లు కుడివైపు తిరిగి దాని మీదికి ఎక్కడం నిషేధం. అయినా తిరిగే వాళ్లు తిరుగుతూనే ఉంటారు, నేరుగా వెళ్లే సైకిల్‌కు అడ్డంగా. అలాంటి చోట పనికొచ్చేది బండి వేగం కాదు, వెనక్కి చూపే అద్దం, పగలు కూడా వెలిగే దీపం, నడుం నిటారుగా ఉంచి కూర్చోనిచ్చే హ్యాండిల్. కారు కిటికీలకు పైగా చూపు పోతే డ్రైవరు తల ఎటు తిరుగుతోందో తెలుస్తుంది. దీపాలు బండి బ్యాటరీకే కలిపి ఉంటే ఇంకా మంచిది, విడిగా చార్జి చేసుకోవాల్సినవి సరిగ్గా అవసరమైన సాయంత్రమే ఆరిపోతాయి.

పదో వీధి దాటాక మార్కెట్ స్ట్రీట్ ఊపిరి పీల్చుకుంటుంది. 2020 జనవరి 29 నుంచి అక్కడ ప్రైవేటు కార్లు తిరగకూడదు. 2025లో డ్రైవరు లేని టాక్సీలకు కొంత సడలింపు ఇచ్చారు. బస్సులు, టాక్సీలు, పాతకాలపు ట్రాములు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. బస్సు ఆగినప్పుడల్లా సైకిల్ ఆగాలి. ఆగిన ప్రతిసారీ మళ్లీ కదలాలి. రెండు రకాల సెన్సర్ల మధ్య తేడా పెద్దాయనకు బోధపడింది ఈ ఆగడాలూ కదలడాల మధ్యే.

చవక బండ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. పెడల్ కాస్త తిరిగాక గాని మోటారుకు కబురందదు, అందాక ఒక్కసారిగా తోస్తుంది. ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు ఆ ఆలస్యమే బండిని వెనక్కి జారుస్తుంది. ముందు బస్సు ఉన్నప్పుడు ఆ తోపే భయపెడుతుంది. టార్క్ సెన్సర్ ఉన్న బండి కాలు ఎంత గట్టిగా నొక్కిందో కొలుస్తుంది. పాదం బిగించగానే సాయం మొదలవుతుంది, వదలగానే తగ్గుతుంది. రద్దీలో నడిపే బండికి ఇది సౌకర్యం కాదు, అవసరం.

మిడ్ డ్రైవ్‌కూ లోపాలున్నాయి. మోటారు బలమంతా చైన్ మీదే పడుతుంది కాబట్టి చైన్, పళ్ల చక్రాలు త్వరగా అరుగుతాయి. గేరు మార్చాలంటే బండి కదులుతుండాలి. సిగ్నల్ రాకముందే తేలిక గేరు వేసుకోకపోతే ఎత్తు మీద పెద్ద గేరులో ఇరుక్కుపోతారు. నిలబడ్డ చోటే గేరు మార్చగలిగే, చక్రంలోపలే దాగిన గేర్లున్న బండ్లు కూడా వస్తున్నాయి, చైన్‌కు బదులు బెల్టుతో. ధర చూస్తే మాత్రం మాట పడిపోతుంది.

ఆఫీసు దారి చూడటం అయ్యాక ఆయనకు మనసాగలేదు. కేబుల్ కార్ల మ్యూజియం చూడాలన్నాడు. వాషింగ్టన్, మేసన్ వీధుల మూలన ఇటుక భవనం, లోపల పెద్ద పెద్ద చక్రాలు. కేబుల్ కార్లను కొండ ఎక్కిస్తూ వీధుల కింద కాలువల్లో పరుగెత్తే ఉక్కు తాళ్లను అక్కడి మోటార్లే లాగుతాయి. తడిసిన ఎత్తు మీద గుర్రాలు జారి పడి చావడం చూసి ఆండ్రూ హాలిడీకి ఈ ఆలోచన తట్టిందని ఊళ్లో చెప్పుకునే కథ. 1873 ఆగస్టులో క్లే వీధి మీద మొదటి బండి నడిచింది. ఇప్పటికీ తాడు వేగం గంటకు తొమ్మిదిన్నర మైళ్లే, అంటే పదిహేను కిలోమీటర్లు. ఎక్కినా అంతే, దిగినా అంతే. రిటైరైన ఫిట్టర్ అక్కడి నుంచి కదలడానికి ఇష్టపడలేదు. కొండకు కావలసింది వేగం కాదు బలం అని నూట యాభై ఏళ్ల కిందటే తేల్చేశారు కదా అని ఆయన సంబరం.

దుకాణానికి వెళ్లింది అన్నీ చూశాకే. అక్కడ అమ్మే కుర్రాడు ఎక్కే సంగతి చెబుతుంటే, ఈయన దిగే సంగతి అడిగాడు. 16 శాతం వాలులో 110 కిలోల బరువును గంటకు 20 కిలోమీటర్లకు మించకుండా పట్టి ఉంచాలంటే బ్రేకుల్లో సుమారు 800 వాట్ల వేడి పుడుతుంది. దాదాపు ఒక ఇస్త్రీ పెట్టె వేడి, రెండు పలచటి రేకుల మీద. రిమ్ము మీద రబ్బరు ముక్కలు రాసుకునే పాత బ్రేకులకు అది తగిన పని కాదు. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు, 180 మిల్లీమీటర్ల రేకులు ఉండాల్సిందే. దిగేటప్పుడు కరెంటు వెనక్కి వస్తుందా అని అమ్మాయి ఆశగా అడిగింది. గేర్లు లేకుండా నేరుగా చక్రాన్ని తిప్పే కొన్ని హబ్ మోటార్లలో కొంచెం వస్తుంది. మిడ్ డ్రైవ్‌లో రాదు, తొక్కడం ఆపగానే ఫ్రీవీల్ చైన్‌ను వదిలేస్తుంది కాబట్టి.

బ్యాటరీ గురించి అందరికీ ఉండే బెంగ దూరం. నిజానికి ఈ దారిలో అది చిన్న సంగతి. అఖాతం ఒడ్డు నుంచి ఇంటి దాకా ఎక్కే ఎత్తు సుమారు 150 మీటర్లు. 110 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసింది 45 వాట్ అవర్లు. సాయంత్రం సముద్రం మీది నుంచి వీచే ఎదురుగాలికి, మోటారులో వృథాకు, ఆగి కదలడాలకు ఇంకో వంద వేసుకున్నా 500 వాట్ అవర్ల బ్యాటరీలో సగం కూడా ఖర్చు కాదు. అంతకన్నా పెద్దది కొంటే బరువు మోయడం తప్ప ఒరిగేదేమీ లేదు.

భయపడాల్సింది నిప్పుకు. నాసిరకం లిథియం బ్యాటరీల వల్ల లేచిన మంటల్లో న్యూయార్క్ నగరంలో 2023 ఒక్క ఏడాదే 18 మంది చనిపోయారు. ఆ సెప్టెంబరు నుంచి భద్రతా పరీక్ష నెగ్గని ఎలక్ట్రిక్ సైకిళ్లు అక్కడ అమ్మకూడదు. కాలిఫోర్నియాలోనూ 2026 నుంచి అమ్మే బ్యాటరీలకు పరీక్ష తప్పనిసరి చేశారు. యూఎల్ 2849 అంటే బండి విద్యుత్ వ్యవస్థ మొత్తానికి, యూఎల్ 2271 అంటే బ్యాటరీకి. ఈ అంకెలు కేవలం ప్రకటనలో కాకుండా బండి మీదా బ్యాటరీ మీదా ఉన్నాయో లేదో వంగి చూడాలి. బండితో వచ్చిన చార్జరునే వాడాలి. గుమ్మానికి అడ్డంగా పెట్టి రాత్రంతా చార్జి చేయకూడదు.

ఇక బండి బరువు. మోటారు, బ్యాటరీ కలిస్తే పాతిక కిలోలు ఎటూ పోవు. ఇంటి కింద గ్యారేజీ ఉంది కాబట్టి అమ్మాయి గట్టెక్కింది. రెండో అంతస్తులో ఉండేవాళ్లు బండి ఎంచుకునే ముందు పాతిక కిలోల బియ్యం బస్తాను ఓసారి మెట్లెక్కించి చూసుకోవాలి. వాన రోజున బార్ట్ అనే లోకల్ రైలెక్కాలన్నా ఇదే చిక్కు. సైకిళ్లను అనుమతిస్తారు గానీ మొదటి పెట్టెలోకి రానివ్వరు, లిఫ్టు పనిచేయకపోతే మోయాల్సి రావచ్చు. దొంగల బెడద సరేసరి. ఎంబార్కడెరో స్టేషన్‌లో సైకిళ్లు పెట్టుకునే గది ఉంది. అది నిండిపోతే గట్టి యు-తాళంతో ఫ్రేమునూ చక్రాన్నీ కలిపి ఇనుప కమ్మికి బిగించాలి, బ్యాటరీ ఊడదీసి సంచిలో వేసుకుపోవాలి. బ్యాటరీ ఊడిరాని బండి నగర జీవితానికి పనికిరాదు.

చివరికి జాబితాలో లేని బండి ఒకటి నెగ్గింది. మొదటి తరగతి, టార్క్ సెన్సరున్న మిడ్ డ్రైవ్, 500 వాట్ అవర్ల బ్యాటరీ, రెండు అంగుళాల టైర్లు, మడ్‌గార్డులు, క్యారియర్. దుకాణం వాళ్లు ఊరి మధ్య చదును వీధిలో నడిపి చూడమంటే తండ్రి ఒప్పుకోలేదు. దగ్గర్లో ఉన్న నిటారు బ్లాకు సగం ఎక్కి ఆగమన్నాడు, సంచిలో లాప్‌టాప్ ఉండగానే. మళ్లీ కదిలి పైకి చేరాక తల ఊపాడు. ధర మూడు వేల డాలర్లు దాటింది. హబ్ మోటారు బండి అందులో సగానికే వచ్చేది, ఆ సంగతి దాచుకోవాల్సిన పని లేదు.

ఆయనకూ ఒకటి కొని విశాఖ తీసుకుపోవాలని ఆశ పుట్టింది. కుదరదు. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని వెంట తీసుకెళ్లనివ్వరు, సైకిల్ బ్యాటరీ దానికి మూడింతలు.

మన చట్టం ప్రకారం మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు, బరువు 60 కిలోల హద్దుల్లో ఉంటే ఎలక్ట్రిక్ సైకిల్‌కు రిజిస్ట్రేషను గానీ లైసెన్సు గానీ అక్కర్లేదు. మన మార్కెట్లో దొరికేవి చాలావరకు వెనక చక్రపు హబ్ మోటార్లు. విశాఖ బీచ్ రోడ్డుకు, హైదరాబాద్‌లో చదునైన కాలనీలకు, విజయవాడ బందరు రోడ్డుకు అవి పూర్తిగా సరిపోతాయి, మిడ్ డ్రైవ్ కోసం వెతకడం డబ్బు దండగ. హనుమంతవాక దాటి జూ వైపు జాతీయ రహదారి ఎత్తు రోజూ ఎక్కేవాళ్ల సంగతి వేరు. అలాంటివాళ్లు హబ్ బండే కొనాల్సి వస్తే ఎక్కువ గేర్లున్నది చూసుకోవాలి. వెనక 34 పళ్ల చక్రమున్న ఫ్రీవీల్ వేయించుకోవాలి. మోటారుకు సాయం కాకపోయినా కాళ్లకు అవుతుంది, కాళ్లు ఎంత మోస్తే మోటారు అంత తక్కువ వేడెక్కుతుంది. లారీల పక్కన నడపాల్సిన దారి అది, కాబట్టి రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు లేని బండిని ధర చూసి మోజుపడి కొనొద్దు.

ఎక్కడ కొన్నా డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. మీ దారిలో అన్నిటికన్నా నిటారైన చోటికి, రోజూ మోసే సంచితో, ఆ బండి మీద వెళ్లండి. సగం ఎత్తులో ఆగి మళ్లీ కదలండి, పైకి చేరాక అదే దారిలో దిగి బ్రేకు పట్టి చూడండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.